తిండి పెడితే అవే వస్తాయి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వ్యవసాయ శాఖ మంత్రులకు బహిరంగ లేఖ



చిన్నప్పుడు సెలవులొస్తే మా పని పంటకాలవలో గేలాలు వెయ్యడం. గేలానికి ఎర కావాలి కదా. ఎర్రలు ఎక్కడ దొరుకుతాయో మాకు ఒకరు చెప్పే పని లేదు. పెంటకుప్ప అంచున, దొడ్లో స్నానాల నీళ్లు పారే చోట, అరటి బోదెల మొదట్లో. గునపంతో రెండు పెళ్లలు తిరగేస్తే కొబ్బరిచిప్ప నిండిపోయేది. అదే గునపం తీసుకుని చేను మధ్యకి వెళ్లి ఎంతసేపు తవ్వినా ఒకటో రెండో దొరికేవి. దొడ్లోదీ చేలోదీ ఒకే నల్లమట్టి. కురిసిందీ ఒకే వాన. దొడ్లో పేడా, అరటాకులూ, వంటింటి తుక్కూ రోజూ పడేవి. చేలో పండిందంతా బండెక్కి ఇంటికి వచ్చేసేది.

ఈ ఉత్తరం రాస్తున్నది ఆ తేడా గురించే. మట్టిలో ఏ జీవి ఎక్కడ ఉంటుందో ముందుగా తేల్చేది దాని తిండి. తడి, నీడ, మట్టి రకం, చౌడు, వీటన్నిటికీ పాత్ర ఉంది, కాదనను. అవన్నీ బాగున్నా తిండి లేని చోట జీవి నిలవదు. మన రెండు రాష్ట్రాల్లో నేల ఆరోగ్యం పేరుతో ఎంతో డబ్బు, ఎంతో శ్రమ ఖర్చవుతున్నాయి. అందులో ఈ సంగతికి దక్కాల్సిన చోటు దక్కలేదన్నది నా బాధ.

డెల్టా చివరి భూముల్లో నాలుగెకరాల మాగాణి, ఊరికి పైన ఎకరంన్నర మెట్ట నా సేద్యం. కొన్నేళ్ల కిందట ఒక పథకం కింద నాకు వానపాములు ఇచ్చారు. ఎర్రగా, సన్నగా, చురుగ్గా ఉన్నాయి. సంతోషంగా తెచ్చి, తెల్లవారకముందే మెట్టచెక్కలో సాలువెంట వదిలి, మట్టి కప్పి, తడి పెట్టాను. ఇరవై రోజుల తర్వాత తవ్వి చూస్తే ఒక్కటి లేదు. అడిగితే, పురుగుమందుల వల్ల చచ్చిపోయి ఉంటాయన్నారు. ఆ చెక్కలో ఆ ఏడాది నేను ఏ మందూ కొట్టలేదు.

తర్వాత చదువుకుంటే అర్థమైంది. వర్మికంపోస్టు తొట్లలో మనం పెంచేవి ఎక్కువగా ఐసీనియా ఫెటిడా అనే జాతీ, పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన యూడ్రిలస్ యూజీనియే అనే జాతీ. కుళ్లుతున్న పేడ, నానిన ఆకు, చెత్త వాటి తిండి. వాటి ఇల్లూ అదే. ఉత్త మట్టిలో వాటికి నోట పెట్టుకునేందుకు ఏమీ ఉండదు. నాకు ఇచ్చినవాళ్లది మోసం కాదు. తొట్లో బతికే జీవి చేలోనూ బతుకుతుందని వాళ్లూ నమ్మారు, నేనూ నమ్మాను. ఆ నమ్మకంతోనే ఇంకా ఎన్నో చేలల్లో వానపాముల్ని వదులుతున్నారు. అవి ఆకలితో పోతున్నాయి.

వానపాములన్నిటికీ ఒకటే బతుకు ఉండదు. ఫ్రాన్సు శాస్త్రవేత్త మార్సెల్ బూషే 1970ల్లో వాటిని మూడు తెగలుగా విడదీశాడు. ఏం తింటాయి, ఎక్కడ ఉంటాయి అన్నవే ఆయన పెట్టుకున్న కొలతలు. మొదటి తెగ నేలమీద రాలిన ఆకుల్లోనే పుట్టి అక్కడే పోతుంది, మట్టిలోకి దిగదు. తొట్లో పెంచేవి ఈ తెగవే. రెండోది మట్టినే మింగుతూ, అందులో కలిసిన కుళ్లుని అరిగించుకుంటూ, వేళ్ల లోతున అడ్డంగా తిరుగుతుంది. మూడోది నిలువుగా బొరియ తవ్వుకుని లోపల కాపురం ఉంటుంది. రాత్రిపూట తల బయటపెట్టి, అందిన ఆకుని పట్టుకుని లోపలికి లాక్కుపోతుంది. దక్షిణాది పొలాల్లో మామూలుగా కనిపించే లాంపిటో మౌరిటీ అనే మన వానపాము ఎండాకాలం వస్తే లోతుకి దిగి, ఉండలా చుట్టుకుని పడుకుంటుంది. తొలకరికి మళ్లీ పైకి వస్తుంది. ఆకలితో పైకి వచ్చిన ఆ రోజున దానికి మన చేలో కనిపించేదేమిటి? గడ్డిపోచ లేకుండా ఏరి, కంప కాల్చి, చదును చేసిన దుక్కి.

చార్లెస్ డార్విన్ తన ఆఖరి పుస్తకాన్ని 1881లో వానపాముల మీద రాశాడు. కుండీల్లో పెట్టి వాటి రుచులు కనిపెట్టాడు. క్యాబేజీ ఆకుకన్నా సెలెరీ ఆకు, దానికన్నా క్యారెట్ ఆకు వాటికి ఇష్టం. ఉల్లి ముక్కల్ని మట్టిలో పాతిపెడితే వెతుక్కుంటూ వచ్చి తినేశాయి. ఆకుల్ని బొరియలోకి లాగేటప్పుడు ఎక్కువగా మొనవైపే పట్టుకుంటాయనీ, అలా అయితే ఇరుక్కోకుండా లోపలికి దిగుతుందనీ వందల ఆకుల్ని లెక్కపెట్టి చూపించాడు. ఇంగ్లండులో చాలా చోట్ల ఎకరానికి ఏడాదికి పది టన్నులకు పైగా మట్టి వాటి పొట్టల్లోంచి వెళ్లి బయటికి వస్తుందని ఆయన అంచనా. అంత మట్టిని తిరగేసిన ఆ వానపాముల్ని అక్కడి పచ్చికల్లో ఎవరూ తెచ్చి వదల్లేదు. ఏడాది పొడుగునా గడ్డివేళ్లు, రాలిన ఆకు, పశువుల పేడ ఉన్నాయి కాబట్టి అవి అక్కడ ఉన్నాయి.

కంటికి ఆనని జీవులకీ ఇదే లెక్క. 1904లో జర్మన్ శాస్త్రవేత్త లోరెంజ్ హిల్ట్‌నర్ వేరుని అంటుకుని ఉండే సన్నటి మట్టిపొరకి రైజోస్ఫియర్ అని పేరు పెట్టాడు. మొక్క ఎండలో వండుకున్న చక్కెరలో కొంత భాగాన్ని వేళ్లగుండా మట్టిలోకి వదులుతుంది. ఆ తిండి కోసం బాక్టీరియా చేరుతుంది. వేరుకి కాస్త దూరంగా ఉన్న మట్టితో పోలిస్తే వేరుని అంటిన మట్టిలో అది పదుల రెట్లు ఎక్కువ. బాక్టీరియాని తినడానికి అమీబాల్లాంటివి వస్తాయి. బాక్టీరియా ఒంట్లో నత్రజని పాలు ఎక్కువ, తిన్నదానికి అంత అక్కర్లేదు. మిగిలింది బయటికి వదిలేస్తే అది వేరుకే అందుతుంది. వేరు పెట్టిన తిండి ఇలా చుట్టూ తిరిగి వేరు దగ్గరకే ఎరువై వస్తోంది.

వేరుశనగ మొక్కని పీకితే వేళ్ల మీద బుడిపెలు మీరు చూసే ఉంటారు. వేరు కొన్ని పదార్థాల్ని వదిలి రైజోబియం బాక్టీరియాకి కబురు పంపుతుంది. వచ్చినదాన్ని బుడిపెలో పెట్టుకుని చక్కెర పెట్టి పోషిస్తుంది. అది గాలిలోని నత్రజనిని మొక్క వాడుకునేలా మార్చి ఇస్తుంది. ఇదంతా నేలలో పచ్చటి వేరు ఉన్నన్నాళ్లే. రాయలసీమ మెట్టల్లో ఖరీఫ్ పంట తీశాక మళ్లీ జూన్ వానల దాకా నేల బోసిగా ఉంటుంది. లోపలున్న జీవులకి ఆర్నెల్లకి పైగా పస్తు.

జీవామృతం సంగతి చూడండి. రెండొందల లీటర్ల నీళ్లు, పది కిలోల పేడ, ఆవు మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు మట్టి. ఆ గుప్పెడు మట్టిని చేలోంచి తియ్యకుండా గట్టు మీదనుంచో, చెట్టు కిందనుంచో తెమ్మంటారు. నాగలి తగలని ఆ చోట ఏళ్ల తరబడి ఆకు రాలి ఉంటుంది కాబట్టి జీవులు అక్కడ దండిగా ఉంటాయి. బెల్లం, పిండి వాటి తిండి. తిండి పెట్టి సంఖ్య పెంచి చేలో చల్లుతున్నామన్నమాట. ఎంత తెలివైన ఏర్పాటు! కానీ ఎకరం నేలకి ఆ రెండు కిలోల బెల్లం ఎన్నాళ్లొస్తుంది? కొద్ది రోజుల్లో అయిపోతుంది. చల్లినచోట ఆకో, గడ్డో కప్పి ఉంచకపోతే వచ్చిన జీవులకి మర్నాటి తిండి ఉండదు. జీవామృతం పారించి ఫలితం లేదని వదిలేసిన రైతులు నాకు చాలామంది తెలుసు. వాళ్లలో ఎక్కువమంది చేలల్లో ఆచ్ఛాదన అనేదే లేదు.

ఇక చెద గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. చెద పేరు వింటే రైతుకి మందుడబ్బా గుర్తొస్తుంది. కానీ మన భాషలో ఒక మాట ఉంది, పుట్టగొడుగు. పుట్ట మీద గొడుగు. చూసినవాళ్లు పెట్టిన పేరు అది. మన దగ్గర మట్టిపుట్టలు పెట్టే చెదలు ఎండుటాకునీ, కట్టెనీ, గడ్డినీ కొరికి తెస్తాయి గానీ సొంతంగా పూర్తిగా అరిగించుకోలేవు. నమిలి తెచ్చినదానితో పుట్ట లోపల తుట్టెల్లాంటి మడులు కట్టి, వాటి మీద ఒక బూజుని పెంచుతాయి. దాని పేరు టెర్మిటోమైసిస్. ఆ బూజు కట్టెని మెత్తబరుస్తుంది, దాన్ని చెదలు తింటాయి. మనిషి నాగలి పట్టకముందు కోట్ల ఏళ్ల నాడే మొదలైన సేద్యం ఇది. వానాకాలంలో ఆ బూజు పుట్టని చీల్చుకుని పైకి గొడుగులు వేస్తుంది. మనం కూర వండుకుని తినే రుచికరమైన పుట్టగొడుగులు అవి. ఆ రకాన్ని చెదలు లేకుండా పెంచి అమ్మగలిగినవాళ్లు లేరు.

చెదకి ముఖ్యమైన తిండి చచ్చిన మొక్క. చేలో ఎండు కంపా ఆకూ ఉంటే అది వాటిమీద పడుతుంది. ఏరి కాల్చి శుభ్రం చేసిన చేలో, వాన మొహం చాటేసి మొక్క వాడినప్పుడు, దానికి మిగిలింది ఆ మొక్కే. నా మెట్టలో గడ్డి కప్పిన ఏళ్లలో వేరుశనగ కాయల్ని చెద గీకడం తక్కువగా చూశాను, బోడిగా ఉంచిన ఏళ్లలో ఎక్కువగా చూశాను. ఒక చేను అనుభవం ఇది, దీన్ని శాస్త్రంగా ఒప్పుకొమ్మని అడగను. మీ విశ్వవిద్యాలయాల్ని రైతుల చేలల్లోనే పరీక్షించి చెప్పమనండి.

తొలకరి సాయంత్రం ఉసిళ్లు లేస్తాయి కదా, అవి రెక్కలొచ్చిన చెదలే. ఆ వెనకే ఆరుద్ర కార్తెకి ఎర్ర ముఖమల్ గుడ్డ చుట్టుకున్నట్టుండే ఆరుద్ర పురుగులు గట్ల మీదికి వస్తాయి. ఈ ఆరుద్ర పురుగుకి దగ్గరి చుట్టం ఒకటి కాలిఫోర్నియా ఎడారిలో ఉంది. అది ఏడాదంతా ఇసకలో పడుకుని, వాన కురిసిన తర్వాత కొద్ది గంటలు మాత్రం బయటికి వచ్చి, నేలకి దిగిన ఉసిళ్లని తిని మళ్లీ లోపలికి పోతుందని శాస్త్రవేత్తలు కనిపెట్టారు. ఎండుకట్టె ఉంటే చెద, చెద ఉంటే ఉసిళ్లు, ఉసిళ్లు ఉంటే వాటిని తినేవి. మా గట్ల మీద ఆరుద్ర పురుగు కనిపించి ఎన్నేళ్లయిందో నాకు గుర్తు లేదు. మా ఇంటి పిల్లలకి నేను దాన్ని బొమ్మలోనే చూపించాను.

తిండికీ జీవికీ ఉన్న ముడి ఎంత గట్టిదో ఆస్ట్రేలియా అనుభవం చెబుతుంది. 1788లో ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్లు అక్కడికి మొదటిసారి ఆవుల్ని తెచ్చారు. ఆ దేశంలో పేడపురుగులు ముందునుంచీ ఉన్నాయి. కాకపోతే అవి కంగారూల ఎండు పెంటికల మీద బతకడానికి అలవాటుపడ్డవి. తడి పేడకళ్లు చాలావాటికి పనికిరాలేదు. పేడ పేడలాగే ఎండి, పచ్చిక మీద బిళ్లలై పేరుకుపోయింది. కింద గడ్డి మొలవలేదు, పైన ఈగలు ముసిరాయి. హంగరీ నుంచి వలస వెళ్లిన జార్జ్ బోర్నెమిస్సా అనే శాస్త్రవేత్త దీన్ని గమనించి, ఆవు పేడకి అలవాటైన పురుగుల్ని బయటి దేశాలనుంచి తెద్దామన్నాడు. 1960ల చివరినుంచి నలభైకి పైగా జాతుల్ని తెచ్చి వదిలారు. అందులో సగానికి కాస్త పైన మాత్రమే నిలదొక్కుకున్నాయి. తిండి కొండలా సిద్ధంగా ఉన్నచోట కూడా ఇంతే నిలిచాయంటే, తిండే లేని మన చేలల్లో డబ్బాతో తెచ్చి పోసినవి ఎలా నిలుస్తాయి?

చెడ్డ జీవులూ తిండి వెంటే వస్తాయి. ఈ మాట దాచి మంచి కబుర్లే చెబితే రైతుకి అన్యాయం చేసినట్టవుతుంది. వేరుశనగని తినే వేరుపురుగు తల్లి పెంకుపురుగులు తొలి వానకి రాత్రిళ్లు బయటికి వచ్చి వేపచెట్ల ఆకు తింటాయి. ఆ చుట్టుపక్కల చేలల్లోనే గుడ్లు పెడతాయి. అందుకే పాత రైతులు తొలకరి రాత్రి వేపకొమ్మలు దులిపి పెంకుపురుగుల్ని ఏరేవాళ్లు. చివకని పేడ వేసిన చేలోనూ వేరుపురుగు బెడద పెరుగుతుంది. టమాటా, వంగ, బెండ వేళ్ల మీద గడ్డలు కట్టించే నులిపురుగులూ అంతే. ఆ వేళ్లే వాటి తిండి. ఏటా అదే చేలో అదే కూరగాయ వేస్తే వాటికి మనమే విందు పెడుతున్నట్టు. మధ్యలో ఒక పంట బంతి వేస్తే ఆ వేళ్లనుంచి వచ్చే పదార్థాలు వాటిని దెబ్బతీస్తాయి. మందు కొట్టడానికి ముందు వాటి తిండి ఎక్కడుందో రైతుకి చూపించే మనిషి కావాలి. అలా చూపించడం విస్తరణాధికారుల పనిలో మొదటిది కావాలని నా కోరిక.

ఇప్పుడు అగ్గిపుల్ల దగ్గరికి వస్తాను.

కోత యంత్రాలు వచ్చాక మా వైపు వరిగడ్డి చేలో వరసలుగా పడిపోతోంది. తెలంగాణలో వానాకాలం వరి కోశాక యాసంగి నాట్లకి తొందర. పత్తి తీశాక కట్టె కుప్పలేసి అంటించడం అక్కడా ఇక్కడా ఉంది. సాయంత్రమైతే ఊరి చుట్టూ పొగ. నిప్పు వేడికి మట్టిలో జీవులు మాడి చస్తాయని పత్రికల్లో రాస్తుంటారు. పైపైన ఉన్నవి చస్తాయి, నిజమే. వేడి మాత్రం అంత లోతుకి దిగదు, కింద ఉన్నవి చాలావరకు బతుకుతాయి. వాటికి అసలు దెబ్బ మర్నాటి నుంచి మొదలవుతుంది, తినడానికి ఏమీ ఉండదు.

ఒక టన్ను వరిగడ్డిలో సుమారు 400 కిలోల కార్బన్, 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ ఉంటాయి. మా ఊళ్లో ఎకరానికి రెండు టన్నుల గడ్డి తేలిగ్గా వస్తుంది. అంటే 800 కిలోల కార్బన్. మట్టిలో జీవులకి అదే అన్నం. నత్రజని 11 కిలోలు, అర బస్తా యూరియా పైమాట. పొటాష్ బూడిదలో చాలావరకు మిగులుతుంది. కార్బన్, నత్రజని దాదాపు మొత్తం గాల్లో కలిసిపోతాయి. ఆ తర్వాత మట్టి పరీక్ష చేయిస్తే సేంద్రియ కర్బనం దగ్గర ‘తక్కువ’ అని వస్తుంది. 0.5 శాతం కన్నా తగ్గితే ఆ మాట రాస్తారు. నా చేతిలో ఉన్న రెండు కార్డుల్లోనూ అదే మాట ఉంది.

రైతు ఎందుకు కాలుస్తున్నాడో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ రెండేళ్లు కాల్చాను. కోత ముగిసిన పదిపదిహేను రోజుల్లో రెండో పంట పడాలి. గడ్డి ఎత్తించడానికి మనుషులు దొరకరు. దొరికినా ఆ కూలి గడ్డి ధరలో రాదు. అలాగే దున్నేస్తే నాగలికి, దమ్ముచక్రాలకి చుట్టుకుంటుంది. దున్ని నాటితే మొదటి మూడు వారాలు పైరు పసుపుపచ్చగా నిలబడిపోతుంది. ఆ పసుపుకి కారణం కూడా తిండి కథే. ఎండుగడ్డిలో కార్బన్ విపరీతం, నత్రజని బొత్తిగా తక్కువ. దాన్ని తినే జీవులు తమకి చాలని నత్రజనిని మట్టిలోంచి లాక్కుంటాయి, పైరుకి కొరత పడుతుంది. జీలుగ, జనుము లాంటి పచ్చిరొట్టలో ఎండుగడ్డిలోకన్నా నత్రజని పాలు ఎక్కువ కాబట్టి త్వరగా చివుకుతుంది. ఈ సంగతి తెలిసిన రైతు గడ్డి కలియదున్నేటప్పుడు కాస్త నత్రజని అదనంగా వేసుకుని, నాటడానికి కొంత వ్యవధి ఇస్తాడు. తెలియని రైతు పైరు పసుపుబారడం చూసి, వచ్చే ఏడు అగ్గిపెట్టె తీస్తాడు. జరిమానా వేస్తామని బెదిరిస్తే వాడు రాత్రిపూట కాలుస్తాడు, అంతకుమించి ఏమీ మారదు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. గడ్డి ముందు పశువుది. పాడి ఉన్న ఇంట్లో గడ్డిని చేలో కప్పమని అడిగే హక్కు ఎవరికీ లేదు. కానీ పశువు తిన్న గడ్డి పేడై తిరిగి చేనికి వచ్చేది. ఆ దారి ఇప్పుడు తెగిపోయింది. మెట్ట ప్రాంతాల్లో వేసవిలో గొర్రెల మంద కట్టించుకునేవాళ్లు, కాపరికి ధాన్యమో డబ్బో ఇచ్చి. రాత్రికి రాత్రి చేను నిండా పెంటికలు పడేవి. చెరువు పూడికమట్టి బండ్లకెత్తి తోలేవాళ్లు. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు ఆ పూడికమట్టి మళ్లీ చేలకి చేరడం చూసి నేను ఎంతో సంతోషించాను. ఇవన్నీ మట్టికి తిండి తెచ్చే దారులు. పాతవని కొట్టిపారెయ్యకుండా వీటికి మళ్లీ ఖర్చు పెట్టండి.

ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి సేద్యం ఈ సూత్రాన్ని బాగా పట్టుకుందని నా నమ్మకం. 2024లో గుల్బెంకియన్ పురస్కారం అందుకున్న వాళ్లలో అదీ ఒకటి. ఆ కార్యక్రమంలో నాకు అన్నిటికన్నా నచ్చింది వానలకి ముందే పొడిదుక్కిలో పలు రకాల విత్తనాలు కలిపి చల్లడం. ఏడాదిలో వీలైనన్ని రోజులు నేలలో పచ్చటి వేరు ఉండాలన్నది వాళ్ల పట్టుదల. ద్రావణాల మీద, కషాయాల మీద ప్రచారం ఎక్కువ జరిగింది. ఈ వేసవి పచ్చదనం మీద జరగాల్సినంత జరగలేదు. దాన్ని అనంతపురం మెట్టల నుంచి పాలమూరు చెలకల దాకా తీసుకువెళ్లండి. పక్క రాష్ట్రం పథకమని పక్కన పెట్టకండి.

మీ ఇద్దరినీ నేను అడిగేవి ఇవి. కోత యంత్రాలకి గడ్డిని ముక్కలు చేసి చేనంతా సమానంగా చల్లే అమరిక పెట్టించండి. రాయితీ మీద ఇచ్చే ప్రతి కొత్త యంత్రానికీ దాన్ని తప్పనిసరి చెయ్యండి. ఉన్న యంత్రాలకి బిగించడానికి యజమానులకి సాయం చెయ్యండి. ముక్కలైన గడ్డి నాగలికి చుట్టుకోదు. గడ్డి అమ్ముకోవాలనుకునే రైతుకి కట్టలు కట్టే యంత్రం కోతరోజుల్లోనే మండలంలో అద్దెకి దొరకాలి, నెల తర్వాత వస్తే ఉపయోగం లేదు.

పచ్చిరొట్ట విత్తనం మే మొదటి వారానికల్లా ఊళ్లో ఉండాలి. నిరుడు మా ఊరికి జీలుగ వచ్చేసరికి నారుమళ్లు పోసేశారు. ఆ బస్తాలు చాలా ఇళ్లలో చూరు కింద ఉండి పుచ్చిపోయాయి. విత్తనానికి పెట్టిన రాయితీ అంతా వృథా. గ్రామీణ ఉపాధి పనుల కింద పొలం గట్లమీద కానుగ, గ్లిరిసిడియా నాటించండి. మూడో ఏటినుంచి కొమ్మ నరికి చేలో వేసుకుంటే బయటి ఎరువు కొనే భారం కొంత తగ్గుతుంది, గట్టుకి నీడా ఉంటుంది.

వానపాముల్ని పంచే డబ్బుతో వర్మికంపోస్టు తొట్లు కట్టించండి. ఆ పాములు తొట్లోనే ఉండనీయండి. చేనికి వెళ్లాల్సింది అవి చేసిన ఎరువు.

అన్నిటికన్నా ఖర్చు తక్కువ పని ఒకటుంది. 2015లో కేంద్రం మొదలుపెట్టిన భూసార పరీక్ష కార్డులో పన్నెండు అంశాలుంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, బోరాన్ ఇలా. సేంద్రియ కర్బనం ఒక్కటే జీవులకి దగ్గరి సంగతి, అదీ తిండి లెక్క. తినేవాళ్ల లెక్క ఎక్కడా లేదు. పదమూడో గడి ఒకటి పెట్టండి. వానాకాలంలో, మంచి వాన పడిన మర్నాడు పొద్దున్నే, చేను మధ్యలో అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు మట్టి తవ్వి, పాత గోనె మీద పోసి, అందులో ఎన్ని వానపాములున్నాయో లెక్కపెట్టి రాయాలి. అంతే. ప్రయోగశాల అక్కర్లేదు, రసాయనం అక్కర్లేదు. బడిపిల్లలు చెయ్యగల పని. గట్టు కింద ఒకసారి, చేను మధ్య ఒకసారి లెక్కపెడితే రెండింటికీ మధ్య తేడా చూసి రైతుకి ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

ఇంకొకటి కూడా చేయించవచ్చు. పాత నూలుగుడ్డ ముక్క తడి ఉన్న చేలో జానెడు లోతున పాతిపెట్టి రెండు నెలల తర్వాత తియ్యాలి. జీవం ఉన్న మట్టిలో నూలు చివికి పీలికలైపోతుంది. లేని మట్టిలో గుడ్డ ఉతికి ఆరేసుకునేలా బయటికి వస్తుంది. మా మెట్టచెక్కలో మొదటిసారి పాతిన గుడ్డ అంచు కూడా చెదరకుండా వచ్చింది. నాలుగేళ్లుగా నేను అక్కడ కంది కట్టె, వేరుశనగ పొట్టు, గట్టుమీద కానుగ ఆకు వేస్తున్నాను. ఏ వానపామునీ తెచ్చి వదల్లేదు. నిరుడు శ్రావణంలో అడుగు గుంట తవ్వితే పదకొండు కనిపించాయి, బూడిదరంగువి, మన నేలవి. గుడ్డ సగం పోయింది. పదకొండు పెద్ద సంఖ్య కాదని నాకు తెలుసు. అవి ఎక్కడినుంచి వచ్చాయో మాత్రం ఆలోచిస్తుంటాను. గట్టు కిందనుంచి వచ్చి ఉంటాయి, ఇన్నాళ్లూ అక్కడే ఉండి ఉంటాయి.

ఆంధ్రాలో రైతు సేవా కేంద్రాలున్నాయి. తెలంగాణలో రైతు వేదికలున్నాయి. ఆ గోడల మీద ఎరువుల ధరల పట్టిక పక్కన ఊళ్లో ఏ చేలో ఎన్ని వానపాములు దొరికాయో కూడా రాయించండి. మొదటి ఏడు చాలా సున్నాలు ఉంటాయి. దాచకుండా రాయించండి.

వానాకాలం వరి కోతలు దగ్గరికొస్తున్నాయి. యంత్రాల వెనక గడ్డి వరసలు పడతాయి, పది రోజుల్లో రైతు ఏదో ఒకటి చెయ్యాలి. ఆ పది రోజులకి ముందే మీ ఉత్తర్వు, ఆ అమరిక బిగించిన యంత్రం, నమ్మకంగా చెప్పే మనిషి మా ఊరికి చేరేలా చూడండి.

ఇట్లు,
డెల్టా చివరి భూముల రైతు